గేటు దాటే నాలుగు సెకన్లు

పొద్దున్నే ఆరింటికి తొమోయె బంగాళదుంపలు ఉడకేస్తుంది. ఏడింటికి తొక్క తీసి, వేడి మీదే మెదిపి, వేయించిన ఉల్లిపాయలూ కీమా కలిపి, అరచేతిలో ఒత్తి, బ్రెడ్డుపొడిలో దొర్లించి పళ్ళెంలో పేరుస్తుంది. తొమ్మిదింటికి నూనె కాగుతుంది, కొట్టు తెరిచినట్టు గుర్తుగా గుమ్మానికి నీలం తెర వేలాడుతుంది. అక్కణ్ణుంచి సాయంత్రం ఐదు దాకా ఆమె చేతులు కొరొక్కెలనే ఆ దుంప బిళ్ళలు వేయిస్తుంటాయి, కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న రైలు గేటునే కాచుకుని ఉంటాయి.

అరవై నాలుగేళ్ళ మనిషి. ఏడాదిగా ఆ కొట్టు విడిచి ఎక్కడికీ కదల్లేదు. కోచి అనే ఊళ్ళో సత్రం నడుపుతున్న చెల్లెలు సుమాకో వారం వారం ఫోను చేస్తుంది. "నా వంటింటికి నువ్వు కావాలే అక్కా, ఒక్కదాన్నే చేసుకోలేకపోతున్నాను" అంటుంది. వారం వారం తొమోయె ఒక సాకు చెబుతుంది. అసలు సంగతి చెల్లెలికీ తెలుసు, ఊరందరికీ తెలుసు. ఎవరైనా అభిమాని గేటు దగ్గరికొస్తే కింజి వస్తాడు. సరిగ్గా అప్పుడు తను లేకపోతే ఎలాగని ఆమె భయం.

కింజి ఆమె భర్త. పోయి రెండేళ్ళయింది.

ఆ రెండేళ్ళ కిందటి వసంతంలో ఒక అమ్మాయి మెడలో కెమెరా వేసుకుని ఈ రేవుపట్నంలో మూడు రోజులు తిరిగింది. అనిమేలకి, అంటే టీవీలో వచ్చే బొమ్మల సీరియళ్ళకి, వీధులూ ఆకాశాలూ గీసే పని ఆమెది. ముఖం చూస్తే తిండి తిన్నట్టు లేదని కింజి కొట్టులోకి పిలిచి, వద్దంటున్నా ఆరు కొరొక్కెలు తినిపించాడు. ఆ ఆరూ మత్స్యకారుల సంఘం భోజనాలకని లెక్కపెట్టి వేయించినవి. అప్పుడు బయటికెళ్ళి ఉన్న తొమోయె తిరిగొచ్చి చూసేసరికి ఆరు తక్కువయ్యాయి. రాత్రంతా మాటల్లేవు. మర్నాడు పొద్దున కింజి గడపలో నిలబడి "క్యాబేజీ తెస్తాను, వెళ్ళొస్తా" అన్నాడు. ఆమె బాణలి వైపే తిరిగి ఉండిపోయింది. "వెళ్ళి రండి" అనలేదు. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మాట అనకుండా పంపింది ఆ ఒక్కరోజే. చేపల రేవు దగ్గర సైకిలు దిగి కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. తను అనలేదు కాబట్టే ఆయన రాలేదని తొమోయె గట్టి నమ్మకం. ఎవరు ఎన్ని చెప్పినా ఆ ముల్లు కదల్లేదు.

పోయినేడు ఆ అనిమే వచ్చింది. పేరు 'అలల అవతలి బడి'. రోజూ పడవెక్కి బడికి పోయే ఒక పిల్ల కథ. అందులో ఏడో ఎపిసోడ్‌లో ఒక ముసలాయన సైకిలు మీద గేటు దాటుతాడు. ఆ వంగిన వీపూ, ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉండటమూ చూసి ఊరంతా గుర్తుపట్టేసింది. తొమోయెకి సీరియల్ చూసే అలవాటు లేదు. ఎదురింటి మంగలి ఒగినో కూతురు ఆ నాలుగు సెకన్లనీ కత్తిరించి ఆమె ఫోన్లో పెట్టింది. ఆమె చూసింది అంతవరకే.

తర్వాత అభిమానులు రావడం మొదలైంది. మూడో కరెంటు స్తంభం పక్కన నిలబడి, ఫోన్లో గేటు అచ్చం ఆ బొమ్మలో ఉన్నట్టే కుదిరేలా పట్టుకుంటే, బొమ్మలో ఉన్నది వీధిలోకి వస్తుంది. చుట్టూ సన్నటి నల్లగీతతో కింజి సైకిలు తొక్కుకుంటూ గేటు దాటి, నాలుగో సెకనులో మలుపు దగ్గర మాయమైపోతాడు. పోస్టు వ్యాను ఆయన దాటేదాకా ఆగుతుంది. ఒగినో కత్తెర పక్కన పెట్టి తల వంచుతాడు. తొమోయె ప్రతిసారీ గరిటె పడేసి వీధిలోకి పరుగెత్తి, "ఏమండీ, ఆగండి! ఒక్క మాట!" అని అరుస్తుంది. బొమ్మలో వెనక్కి తిరగడం లేదు. ఆయన తిరగడు.

మొదట్లో రోజుకి నలభై మంది వచ్చేవాళ్ళు. కొత్త అనిమేలు వచ్చినకొద్దీ జనం వాటి ఊళ్ళకి పోయారు. చివరికి కువబారా ఒక్కడే మిగిలాడు. ఒకయామాలో పటాలు గీసే కంపెనీలో గుమాస్తా, నలభై ఒక్కేళ్ళవాడు, పెళ్ళి లేదు. ఏడాదికి ఒక్క అనిమేనే తనదని ఎంచుకుంటాడు. ఎంచుకున్నాక ఇక అదే లోకం. నెలకోసారి వస్తాడు, ఫోటో తీస్తాడు, రెండు కొరొక్కెలు కొని బయట బెంచీ మీద తింటాడు, కాగితం మడిచి తన సంచిలోనే వేసుకుని పోతాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా గడప దాటి లోపలికి రాలేదు.

మార్చి నెల మొదటి సోమవారం వచ్చి, కొట్టు ముందు నిలబడి టోపీ తీశాడు.

"తొమోయె గారూ, ఇరవయ్యో తారీకున గేటు తీసేస్తున్నారటగా. కింద నుంచి దారి వేస్తారట."

"అవును. గోడకి కాగితం అంటించారు."

"గేటు లేకపోతే బొమ్మ కుదరదండీ. ఈ లోపల నాకు మళ్ళీ సెలవు దొరకదు. ఇదే ఆఖరు."

తొమోయె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నేను తీస్తే రాడు. వంద సార్లు ప్రయత్నించాను. స్తంభం పక్కన మీరు నిలబడ్డ చోటే నిలబడ్డాను" అంది.

"మీకు ఆ అనిమే ఇష్టమేనా?"

"అందులో మా ఆయన ఉన్నారు."

"అది కాదండీ. కథ నచ్చినవాళ్ళకే బొమ్మ వీధిలోకి వస్తుంది. మొత్తం చూశారా?"

"నాలుగు సెకన్లు చూశాను."

కువబారా టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మరైతే... పన్నెండో ఎపిసోడ్ కూడా చూడలేదా?"

"ఏం, అందులో ఏముంది?"

"ఆయన తిరిగి వస్తారు" అన్నాడు.

తొమోయె పొయ్యి ఆర్పేసింది.

"ఏడాది నుంచీ తెలిసి నాకు చెప్పలేదా? రాయిలా కూర్చుని కొరొక్కెలు తిని పోయావా?" అంది. కోపంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"మీరు చూసే ఉంటారనుకున్నాను. చూసి కూడా వద్దనుకుంటున్నారేమోనని..." అతను టోపీ నలిపేస్తున్నాడు. "ఆ బొమ్మ మీ కొట్టు లోపల్నుంచి గీసింది. మీరు నిలబడే చోటు నుంచి, గుమ్మం వైపు. మాకొక కట్టుబాటు ఉందండీ. ఊరివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు, ఇళ్ళల్లోకి కెమెరా పెట్టకూడదు. 'లోపలికి రానిస్తారా' అని ఏ నోటితో అడగను? వచ్చినవాళ్ళెవరూ అడగలేదు."

వందల మంది వచ్చారు. అందరూ మర్యాదస్తులే. ఆ మర్యాదే తన పాలిట అడ్డుగోడ అయిందని తలుచుకుంటే తొమోయెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"లోపలికి రా బాబూ" అంది. "ఆ స్టూలు మీద కూర్చో. మొదటి నుంచీ పెట్టు."

ఏడాదిలో మొదటిసారి పట్టపగలు నీలం తెర లోపలికి వచ్చింది. ఒగినో తొంగిచూసి, "ఏంటి, కొరొక్కెల్లేవా?" అన్నాడు.

"లేవు, పో. సీరియల్ చూస్తున్నాం."

మొదటి ఎపిసోడ్‌లో తొమోయె ఆకాశం తప్ప ఏమీ చూడలేదు, కింజి కోసం మూలలన్నీ వెతికింది. రెండోదానిలో పడవ నడిపేవాడి తాడు కట్టే తీరు తప్పని విసుక్కుంది. నాలుగోదానికి, "ఆ పిల్ల అమ్మకి నిజం చెప్పేయకూడదా, ఎందుకు నాన్చుతుంది?" అని కువబారా మోచెయ్యి పొడిచింది. ఏడోదానిలో గాలివానకి పడవలు ఆగిపోయాయి, బడి మూసేస్తారన్న కబురు పట్టుకుని ఆ పిల్ల రేవు దగ్గర ఒంటరిగా నిలబడింది. తొమోయె ఏప్రాన్ అంచు వెతుక్కుని కళ్ళు తుడుచుకుంది.

"చూశారా?" అన్నాడు కువబారా.

"ఏంటి?"

"ఆయన వెళ్ళిపోయారు. ఇప్పుడే గేటు దాటారు."

తొమోయె ఉలిక్కిపడింది. వంద సార్లు చూసిన వీపు. ఇవాళ కనపడనే లేదు. "నేనా పిల్ల గురించి ఆలోచిస్తున్నాను" అంది తప్పు చేసినదానిలా.

కువబారా ముఖం వెలిగిపోయింది. "ఇక మీకు వస్తారండీ" అన్నాడు.

పన్నెండోది అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పిల్ల బడి మూతపడనే పడింది. ఆఖరున ఊళ్ళో ఒక్కో గుమ్మంలోకీ ఒక్కో మనిషి ఇంటికి తిరిగి వస్తుంటాడు. అందరికంటే చివర ఒక ముసలాయన, చంకలో క్యాబేజీతో, నీలం తెర పైకెత్తి వస్తాడు. దాని మీదే పేర్లు పడతాయి, నిమిషమున్నర పాటు.

"ఏడోదాంట్లో ఆయన పనికెళ్తున్నారండీ" అన్నాడు కువబారా నెమ్మదిగా. "వెళ్ళేవాళ్ళని ఆపితే ఆగరు."

"తెలిసింది" అంది తొమోయె.

తెర మళ్ళీ బయట వేలాడదీశారు. ఫోనుని సోయా సీసాకి ఆనించి, గుమ్మం బొమ్మలో ఉన్నట్టే కుదిరేదాకా ఇద్దరూ జరిపారు. తర్వాత కువబారా స్తంభం పక్కకెళ్ళి తన ఫోను ఎత్తాడు. తొమోయె గడపలో నిలబడింది. గంట మోగింది, రైలు పోయింది, గేటు లేచింది. వంగిన వీపుతో కింజి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

ఆమె ఆగమనలేదు. పరుగెత్తలేదు. రెండు చేతులూ ఏప్రాన్ మీద పెట్టుకుని, ఆ రోజు అనాల్సిన మాట ఈ రోజు అంది.

"వెళ్ళి రండి."

ఆయన మలుపు తిరిగాడు, మాయమైపోయాడు. తొమోయె గబగబా బల్ల వెనక్కి వచ్చి ఫోను ముందు నిలబడింది. ఏమీ జరగలేదు. నూనె చల్లబడి ఉంది. తెర కదల్లేదు. తనకి ఆ పిల్ల మీద కలిగిన ఇష్టం చాలలేదేమో అనుకుంది. అంతలో బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

తెర పైకి లేచింది. చుట్టూ సన్నటి గీతతో కింజి.

"వచ్చేశాను" అన్నాడు. క్యాబేజీ బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

రెండేళ్ళుగా దాచిపెట్టుకున్న మాటలు ఆమె దగ్గర ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. "వచ్చారా. చేతులు కడుక్కోండి" అంది. అని, వెక్కి వెక్కి ఏడుస్తూ, "ఆరేంటండీ, ఆ కెమెరా పిల్లకి అరవై పెట్టండి" అంది.

నిమిషమున్నర గడిచాక స్టూలు ఖాళీగా ఉంది.

గడప అవతల కువబారా వీధి వైపు తిరిగి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అంత చూడాలని ఉండి కూడా లోపలికి చూడలేదు.

"తొమోయె గారూ," అన్నాడు తిరక్కుండానే, "ఆయన నవ్వారు కదూ? నాకు వినపడింది."

"నవ్వారు. ఎప్పట్లాగే, పగలబడి."

"పన్నెండో ఎపిసోడ్‌లో నవ్వు లేదండీ. నాకు ప్రతి బొమ్మా కంఠతా వచ్చు. ఎక్కడా లేదు."

క్యాబేజీ మాత్రం బల్ల మీదే ఉంది, నల్లటి అంచుతో. తొమోయె పొయ్యి వెలిగించి, దాన్ని సన్నగా తరిగి, వేడి కొరొక్కెలు ఆరు పక్కన పెట్టి కువబారా ముందుంచింది. అతను వద్దనలేదు, ఆరూ తిన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి దుంపలు ఉడకలేదు. కోచిలో చెల్లెలికి ఫోను వెళ్ళింది. తొమ్మిదింటికి తొమోయె చేతిసంచితో గడపలో నిలబడి, తెర మడిచి లోపల పెట్టి, ఖాళీ స్టూలు వైపు చూసింది.

"వెళ్ళొస్తానండీ" అంది.