మిషను వెనక మనిషి

సూది లేచినప్పుడు ఆమె బొంతను గోరంత లాగింది. దిగగానే ఆపింది. మళ్ళీ లేచింది, మళ్ళీ లాగింది. మిషను ముందు కూర్చుని పెడల్ తొక్కుతున్న తోడికోడలు ఇటువైపు ఏం జరుగుతోందో చూడను కూడా చూడదు. గాలి ఆడుతోందా లేదా అని ఎవరు చూస్తారు?

పైన అతుకుల గుడ్డ, కింద అస్తరు, మధ్యలో దూది. కుట్టు సాగేకొద్దీ బొంత బరువెక్కి, మిషను వెనకనుంచి నేలమీదికి జారాలని చూస్తుంది. జారనివ్వకూడదు. జారితే వరస వంకరపోతుంది, సూది వంగుతుంది. అందుకని ఆమె దాన్ని ముంజేతుల మీద వేసుకుని, పొట్టకు ఆనించుకుని, నిద్రపోయిన పిల్లను ఎత్తుకున్నట్టు నించుంటుంది. పెళ్ళయినప్పటినుంచీ నించునే ఉంది. వేళ్ళ చివర్లు రుద్దిన సబ్బుబిళ్ళల్లా నున్నగా అయిపోయాయి. వీధిలో అందరూ ఆమెను వెనకక్క అంటారు. అసలు పేరు అడిగితే ఆమె కూడా ఒక్క క్షణం ఆలోచించుకోవాలి.

ఇవాళ ఊపిరి సగంలోనే ఆగుతోంది. చీర కుచ్చిళ్ళ కింద పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు లోపలికి దిగబడ్డాయి. గోళ్ళ రంగు బాగోలేదు. అది నీలం అద్దకం గుడ్డ వల్లే అని పొద్దున తోడికోడలికి చెప్పింది. ఆమె నమ్మింది. నమ్మడంలో ఆమెకు సాటి లేదు.

కిందటి వారం డాక్టరమ్మ స్కానింగులో గుండె బొమ్మ చూసి, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే తీసుకురమ్మంది. ఇంట్లో పెద్దదాన్ని నేనేనండి అంది వెనకక్క. డాక్టరమ్మ నవ్వలేదు. గుండె బాగా వాచిందని, బరువులు మోయొద్దని, ఎప్పుడేమవుతుందో చెప్పలేమని నెమ్మదిగా చెప్పింది. మందులు రాసింది. ఆ మందులు ఇప్పుడు దూది బస్తాలో, ఎవరూ చెయ్యి పెట్టని అడుగున ఉన్నాయి.

తోడికోడలికి, అంటే ఆ ఇంటి చిన్నకోడలికి, చెబితే ఆ క్షణమే మిషను మూసేసి ఏడుపు తెరుస్తుంది. ఆమె మొగుడు లారీల మీద తిరుగుతూ, ఇంటికి చుట్టంలా వచ్చిపోతాడు. వెనకక్క మొగుడు ఆ మాత్రం కూడా రాడు, పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఉన్నది ఇద్దరాడవాళ్ళు, ఒక మిషను. ఆ మిషనుకు మెడ కింద జాగా తక్కువ. చుట్టిన బొంత అందులో పట్టదు, వెనక ఒక మనిషి ఉండి తీరాలి. ఒక్క మనిషే కుట్టుకోగలిగే మిషను కావాలి. ఆ ఒక్క మనిషి ఎవరో వెనకక్కకు తెలుసు. ఆ మనిషికి మాత్రం తెలియదు. ముందు మిషను, తర్వాత ఏడుపు. వెనకక్క వేసుకున్న వరస అది.

వరస ముగిసింది. దారం కత్తిరించి, పాత మిషను చప్పుడు ఎక్కువైంది, ఇవాళ మార్చేద్దాం అంది. చిన్నకోడలికి ఇలాంటి విషయాలు రెండోసారి చెప్పక్కర్లేదు. అప్పటికే జడ వేసుకుంటోంది.

నిజానికి ముందు కుర్చీ వెనకక్కకు రావాల్సింది. అత్తగారు ఉన్నన్నాళ్ళూ అత్తగారే కుట్టింది. ఆవిడ పోయాక మొదటి బొంతకు కూర్చోవాల్సిన రోజున వెనకక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చిన్నకోడలు కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తోంది. గ్లాసు చేతికిచ్చి, వెనక్కి వెళ్ళి నించుంది. రాజ్యాలు కూడా ఇలాగే పోయుంటాయి, టీ పెట్టడానికి లేచినవాళ్ళవి.

పాత మిషన్లు అమ్మే కొట్టు ఒక పొడుగాటి గది. లోపల దీపం ఒక్కటే. మిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని వరసగా, పిలుపు కోసం కూర్చున్న మనుషుల్లా ఉన్నాయి. కొట్టాయన చేతిలో ఎప్పుడూ నూనె బుడ్డి ఉంటుంది కాబట్టి నూనె బాబాయి. ఆటోలోంచి దించిన పాత మిషను చక్రం ఒకసారి తిప్పి చూసి, పక్కన పెట్టాడు.

ఇన్ని మిషన్లు ఎక్కణ్ణించి వస్తాయని చిన్నకోడలు అడిగింది.

"కుట్టేవాళ్ళు ఆగిపోతే నా దగ్గరికొస్తాయమ్మా," అన్నాడు నూనె బాబాయి, గుడ్డలు తీస్తూ.

వెనకక్క గోడ పట్టుకుంది. గోడ సున్నం చూస్తున్నట్టు నటించింది.

మెడ కింద జాగా ఉన్నవి రెండే తేలాయి. ఒకటి బూడిదరంగుది, పూత పెచ్చులు లేచి, బండగా ఉంది. ఇంకోటి నల్లది, ఒంటినిండా బంగారు తీగలు, మెడ మీద పువ్వు.

"అక్కా, నల్లది చూడు. పెళ్ళికూతుర్లా లేదూ?"

"పెళ్ళికూతురు బొంతలు మోస్తుందా?"

"ఏం, నువ్వు మొయ్యలేదా?"

ముందు బూడిదరంగుది చూద్దామంది వెనకక్క. ఇంటినుంచి తెచ్చిన బొంత ముక్కను మిషను సూది పక్కన గుడ్డను నొక్కిపట్టే పాదం కింద పెట్టారు. చిన్నకోడలు ముందు కూర్చుంది. ఆమె కూర్చోగానే వెనకక్క కాళ్ళు వాటంతటవే మిషను వెనక్కి నడిచాయి, చేతులు వాటంతటవే గుడ్డను అందుకున్నాయి. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, గుడ్డ ఒక్క ఉదుటున ఎగిరింది. సూది పటుక్కున విరిగి, చిన్నకోడలు చెంప పక్కనుంచి పోయి, చీకట్లో ఎక్కడో టిక్కుమంది.

ఇంకో సూది వేశారు. అదీ విరిగింది.

నా చేతిలో నిన్నటిదాకా బాగానే కుట్టింది కదా అని నూనె బాబాయి తల గోక్కున్నాడు. ఇది కుట్టే మిషను కాదు బాబాయ్, కరిచేది, నాకొద్దంటే వద్దని చిన్నకోడలు లేచి నించుంది.

నల్లది వెన్నలా నడిచింది. వెనకక్క చేతుల్లోకి బొంత ముక్క మెల్లగా, చెప్పినట్టు వచ్చింది. ఎక్కడా కుదుపు లేదు. కుట్లు ఒకదాని వెనక ఒకటి చీమల్లా ఉన్నాయి. ఆమె వేలితో తడిమి, ఇదే అంది.

తర్వాత సామాను ఏరింది. లావు సూదులు, వెడల్పు పాదం, కొత్త తోలు బెల్టు, బాబిన్లు. వరసల మధ్య ఎడం తప్పకుండా పాదానికి తగిలించే సన్నటి చువ్వ కూడా తీసుకుంది. వరస తప్పితే చెప్పడానికి నువ్వున్నావుగా, చువ్వెందుకని చిన్నకోడలు నవ్వింది. కళ్ళు మందగిస్తున్నాయని చెప్పింది వెనకక్క. ఒంట్లో బాగా పనిచేస్తున్నవి అవే.

"ఈమె వెనకుంటే ఏ మిషనైనా కుడుతుందమ్మా," అన్నాడు నూనె బాబాయి, నల్లదాన్ని ఆటోలోకి ఎక్కిస్తూ.

ఇన్నేళ్ళలో ఆమె పనిని మెచ్చుకున్న మొదటి మనిషి. దారంతా ఆ మాట నోట్లో బెల్లంముక్కలా పెట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి మబ్బు కమ్మి, మధ్యాహ్నం సాయంత్రంలా ఉంది. నల్లదాన్ని కిటికీ దగ్గర పెట్టి, సగంలో ఉన్న బొంతను ఎక్కించారు. చుట్టిన చుట్ట మెడ కింద సులువుగా పట్టింది. చిన్నకోడలు తొక్కుతోంది, మాట్లాడుతోంది, పాడుతోంది. వెనకక్కకు మిషను చప్పుడు కన్నా తన చెవుల్లో కొట్టుకుంటున్న చప్పుడే గట్టిగా వినిపిస్తోంది.

ఇప్పుడు చూద్దాం అనుకుంది. చేతులు తీసేసింది.

బొంత ఆగిపోయింది.

సూది ఆగలేదు. ఉన్నచోటనే దిగుతోంది, లేస్తోంది, దిగుతోంది. దారం అక్కడే కుప్పపడి, చీమల పుట్టలా ఉబ్బుతోంది.

"అక్కా, నిద్రపోయావా ఏంటి? పట్టుకో."

ఆమె పట్టుకోలేదు. పాదం లేపించి, గుడ్డ జరిపి, సూది కింద వేలు పెట్టింది. అక్కడ చిన్నచిన్న పళ్ళు ఉంటాయి. సూది లేచినప్పుడల్లా అవి పైకొచ్చి గుడ్డను కరిచి వెనక్కి నెడతాయి. మిషనుకు చేతులు అవే. నల్లదాని పళ్ళు అరిగి, ఏటి రాయిలా, ఆమె వేళ్ళంత నున్నగా ఉన్నాయి.

కొట్లో గుడ్డను నడిపింది మిషను కాదు. తనే. బూడిదరంగుదాని పళ్ళు పదునుగా ఉన్నాయి, గుడ్డను అవే నెట్టాయి. పైనుంచి తనూ లాగింది. సూదులు విరగకేం చేస్తాయి? మనిషి అక్కర్లేని మిషను కోసం వెళ్ళి, తను లేకపోతే నడవనిదాన్ని ఏరి తెచ్చింది. వెనక నించోకుండా చూడాలని ఆమెకు తట్టనేలేదు.

వెంటనే వెళ్ళి దీన్నిచ్చేసి బూడిదరంగుది తెమ్మంది. చిన్నకోడలు తెల్లబోయింది. వానొస్తోంది, రేపు చూద్దామంది. ఇవాళే అంది వెనకక్క. నువ్వు లాగితే బాగానే నడుస్తోందిగా, ఇప్పుడేమొచ్చిందని చిన్నకోడలు విసుక్కుంది.

"నేనిక వెనక ఉండను, పిల్లా."

కిటికీ రెక్క గాలికి కొట్టుకుంది. చిన్నకోడలు మొహం మెల్లగా ఎర్రబడింది.

"అదా సంగతి. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నావన్నమాట. ముందు కూర్చుంటానని ఒక్కసారి అడిగితే లేచేదాన్ని కాదా అక్కా?"

వెనకక్క నోరు తెరిచింది. కాదని చెప్పాలంటే ఊపిరి కావాలి. ఉన్న కాస్త ఊపిరితో వెళ్ళు అని మాత్రం అంది. ఆమె అలా అనుకుంటేనే వెళ్తుంది. నిజం తెలిస్తే గడప దాటదు, ఇంటికి మిషనూ రాదు. చిన్నకోడలు కొంగు తలమీదికి లాక్కుని, నల్లదాన్ని బాబాయే వచ్చి మోసుకుపోతాడులే, ముందు నీ బండదాన్ని తెచ్చిపడేస్తా అని గొణుక్కుంటూ చినుకుల్లోకి నడిచింది.

గది ఒక్కసారిగా పెద్దదైంది.

వెనకక్క మిషను చుట్టూ గోడ పట్టుకుని నడిచి, ముందు స్టూలు మీద కూర్చుంది. స్టూలు ఇంకా వెచ్చగా ఉంది. ఇటునుంచి చూస్తే సూది మీద కిటికీ వెలుగు పడుతుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. అటువైపు ఎప్పుడూ నీడే.

పెడల్ తొక్కింది. చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కుపడింది. చిక్కు తీసి మళ్ళీ తొక్కింది. బూడిదరంగుది దొరక్కపోతే ఎలాగన్నది ఆమె బెంగ. ఎవరైనా కొనుక్కుపోయుంటే? అప్పుడు చిన్నది ఒక్కతే దీనితో వేగాలి. కుడిచేత్తో ముందు పట్టుకుని, ఎడంచెయ్యి మిషను మెడ పక్కనుంచి వెనక్కి చాపి, లాగుతూ కుట్టడం వీలవుతుందేమో చూడాలి. చాపింది. భుజం లోపల ఏదో తెగినట్టు నొప్పి. సూది లేచింది, లాగింది. దిగింది, ఆపింది. బొంత జరిగింది. వంకరగానే, కానీ జరిగింది. వీలవుతుంది. చిన్నదానికి చూపించాలి.

కాసేపు ఆగి చూపిద్దామని మిషను మెడమీద నుదురు ఆనించింది. ఇనుము చల్లగా ఉంది. కాలి కింద పెడల్ ఊగి, ఊగి, నిలిచింది.

ఆటో చప్పుడు, వాన చప్పుడు కలిసి వచ్చాయి. బూడిదరంగుది దొరికింది. డ్రైవరు దాన్ని వాకిట్లో దించుతుంటే చిన్నకోడలు బయటినుంచే మాట్లాడుతూ వచ్చింది. తెచ్చాను నీ బండదాన్ని, బాబాయి తిట్టలేదు గానీ నవ్వాడు అంది. చెప్పులు విడిచింది. తర్వాత గొంతు తగ్గించింది.

"రేపణ్ణించి నువ్వే ముందు కూర్చో అక్కా. నేను వెనకుంటా."

జవాబు రాకపోతే, ఇంకా కోపమేనేమో అనుకుని, కొంగు పిండుకుంటూ లోపలికొచ్చింది. స్టూలు మీద అక్కను చూసి ముందు నవ్వింది. తర్వాత మిషను వెనక వైపు కదలకుండా వేలాడుతున్న ఆమె చెయ్యి చూసింది.

ఇరుగుపొరుగు వచ్చారు, ఆమెను ఎత్తి, తల దక్షిణానికి పెట్టి చాప మీద పడుకోబెట్టారు. మిషను సంగతి ఎవరికీ పట్టలేదు. పట్టేవాళ్ళు లేక బొంత వెనకనుంచి కొంచెం కొంచెంగా నేలమీదికి జారింది. జానెడు వంకర కుట్టు చివర సూది ఇంకా గుడ్డలోనే ఉంది, ఆ బరువుకి కాస్త వెనక్కి వంగి.