మాస్టారి కాలు

ఏరు బజారులోకి ఎక్కి, బేకరీలోని పిండి మూటలన్నీ ముద్దకట్టిపోయిన వరద వచ్చిందే, దాని తర్వాత రెండో ఏడు అది. బేకరీ వ్యాను నడిపేవాడి కొడుక్కి ఆ ఏడు పద్దెనిమిది నిండాయి. ఇంట్లో అతన్ని దొర అని పిలిచేవారు. ముద్దుకు కాదు. మంచినీళ్లు కూడా ఎవరో ఒకరు చేతికి అందిస్తే తప్ప తాగేవాడు కాదు.

తండ్రి కళ్లకు పొర కమ్మింది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఒకటో తారీకులోపు కొడుకు లైసెన్సు తెచ్చి చూపించాలనీ, లేదంటే బండి తన బామ్మర్దికి ఇచ్చేస్తాననీ బేకరీ యజమాని అన్నాడు. ఆ బామ్మర్ది అప్పటికే వ్యాను చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూసుకుంటున్నాడు. అంతదాకా తండ్రి తోపుడు బండి మీద రొట్టెలు పెట్టుకుని, తడుముకుంటూ దుకాణాలకు తిరుగుతున్నాడు.

నేనే నేర్పుతాను రమ్మన్నాడు తండ్రి. దొరకు అది నామోషీ. తండ్రి చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఒట్టికాళ్లతో వ్యాను నడిపేవాడు. క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో అరికాలికి తెలియాలనేవాడు.

"బూట్లు కనిపెట్టి చాలా కాలమైంది నాన్నా" అని, దొర కొత్త జత కొనిపించుకుని డ్రైవింగు స్కూల్లో చేరాడు.

అక్కడి మాస్టారు చొక్కా నలగని మనిషి. స్కూలు కారులో ఆయన కాళ్ల కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉండేవి. ఇటు తొక్కితే అటు కూడా దిగేవి. ప్రమాదం వస్తే వాడతారు కాబోలని దొర అనుకున్నాడు. ప్రమాదం కారెక్కి కూర్చున్నప్పుడే వచ్చిందని అతనికేం తెలుసు? "నువ్వు రోడ్డు చూడు, కిందికి చూడకు" అనేవాడు మాస్టారు. పాపం, దొర ఆయన మాట జవదాటలేదు.

బూటు ఆనీ ఆనకముందే పెడలు వెన్నలా దిగిపోయేది. మొదట అది కారు గుణమనుకున్నాడు. వారం తిరిగేసరికి తన కాలి గుణమనుకున్నాడు. ఇరవై రోజుల్లో బండి ఒక్కసారైనా ఆగిపోలేదు. ఇంటికొచ్చి, పంతొమ్మిదేళ్లు వ్యాను నడిపిన తండ్రికి పాఠాలు చెప్పేవాడు. పాత బండి కాబట్టి నీకు ఒట్టికాళ్లు కావాలి, మా కారు అలాంటిది కాదు అనేవాడు. మా కారట!

పరీక్షనాడు ఆఫీసరు రేకుల కింద కుర్చీలోంచి లేవలేదు. కారు ఎనిమిది అంకెలా మెలితిరిగి వచ్చి, గీత దగ్గర బుద్ధిగా నిలబడింది. మాస్టారు కిటికీలోంచి కాకుల్ని చూస్తున్నాడు. నడుము పైన చూస్తే ఏ పనీ లేనివాడిలాగే ఉన్నాడు. కింద మాత్రం మోకాళ్లు కుట్టు మిషను తొక్కుతున్నట్టు ఆడుతున్నాయి. కుర్చీలో కూర్చున్నవాడికి మోకాళ్లు కనబడవు. ఆఫీసరు సంతకం గీకేశాడు.

ఒకటో తారీకు ఇంకా అయిదు రోజులుందనగా లైసెన్సు కార్డు చేతికొచ్చింది. దొర ఆ మధ్యాహ్నమే తండ్రిని వెంటబెట్టుకుని బేకరీకి పోయాడు. పెరట్లో ఖాళీ వ్యాను ఉంది. గేటు దాకా కాస్త ఎత్తు. తండ్రి అలవాటుగా చెప్పులు విప్పి పక్క సీట్లో కూర్చున్నాడు.

బండి మూడుసార్లు ఎగిరి ఎగిరి ఆగిపోయింది. నాలుగోసారి ఆగకుండా వెనక్కి జారింది. బ్రేకు పెడలు దానంతట అదే దిగుతుందని దొర కాలు ఆనించి ఎదురుచూస్తున్నాడు. అది దిగలేదు. తండ్రి తడుముకుని చేతి బ్రేకు లాగేలోపు వెనక దీపం గోడకు కొట్టుకుని పగిలింది. పొయ్యి దగ్గరివాళ్లు పని ఆపి గుమ్మంలోకి వచ్చారు. ఒకడు చప్పట్లు కొట్టాడు.

యజమాని వచ్చి ముందు కార్డు అడిగాడు. అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఫోటో బాగా వచ్చిందిరా. ముద్ర కూడా ఉంది. రేపొద్దున లోడు వేసుకుని పో" అన్నాడు.

గోడ ఆయనదే, దీపం ఆయనదే. కార్డు చూశాక ఆ రెండూ ఆయన కంటికి ఆనలేదు. బామ్మర్ది ముఖం మాడిపోయింది.

ఇంటికి చేరాక తండ్రి గుమ్మంలో నిలబడి కార్డు అడిగి తీసుకుని, కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చూశాడు.

"మొహం నీదేరా. కాలు మాస్టారిది. రేపు రొట్టెలతో పాటు ఆయన్ని కూడా ఎక్కించుకుపో."

"బేకరీ ఆయన ఒప్పుకున్నాడుగా నాన్నా."

"ఆయన ఒప్పుకున్నాడు. వ్యాను ఒప్పుకుందా? బడి ముందు నుంచి పోవాలి నువ్వు, పిల్లలు రోడ్డు దాటే వేళకి."

దొర ఆ పూట మంచినీళ్లు తనే ముంచుకుని తాగాడు.

మర్నాడు పొద్దున బూట్లు గుమ్మంలోనే వదిలేసి, ఒట్టికాళ్లతో బేకరీకి పోయాడు. కార్డు యజమాని బల్ల మీద పెట్టి, తనకు బండి నడపడం రాదన్నాడు. ఒకటో తారీకు దాకా ఖాళీ వ్యాను పెరట్లో తిప్పుకోనివ్వమన్నాడు. అప్పటికీ రాకపోతే బామ్మర్దికే ఇచ్చేయమన్నాడు.

"కార్డున్నవాడు రాదంటాడేమిట్రా" అని విస్తుపోయాడు యజమాని. తాళం మాత్రం ఇచ్చాడు.

దొర తోపుడు బండి తోసుకుపోయి రొట్టెలన్నీ దుకాణాలకు వేసి వచ్చాడు. తర్వాత వ్యాను ఎక్కాడు. తండ్రి పక్కన కూర్చున్నాడు. ఆయన కాళ్ల దగ్గర ఆయన చెప్పులు తప్ప ఇంకేమీ లేవు. దొర అరికాలు క్లచ్చు మీద ఆనించి, మెల్లగా తొక్కాడు.