నెవిల్ మిషను, మార్లీన్ ఊపిరి

ఇంగ్లండులోని షెఫీల్డులో చాకులు సానబెట్టే పాత కొట్టు మేడ మీద నెవిల్ వాళ్ల బ్యాండు సాధన చేసేది. ముగ్గురే మనుషులు: నెవిల్, సింథసైజరు వాయించే కీత్, పాడే క్లైవ్. డ్రమ్ములవాడు లేడు. ఆ పని చేసే మిషనును నెవిల్ వంటింటి బల్ల దగ్గర రెండేళ్లు కూర్చుని, వేళ్లు కాల్చుకుంటూ, తీగ తీగా అతికి చేసుకున్నాడు. దాని వేగం మార్చే నాబును ఎవరూ ముట్టుకోకుండా, వేలికి చుట్టుకునే ప్లాస్టరు ముక్క ఒకటి దాని మీద అంటించాడు మహానుభావుడు.

క్లైవ్ పాడితే స్టేషన్లో రైళ్ల వేళలు చదివినట్టుండేది. నవ్వూ ఉండదు, ఏడుపూ ఉండదు. నెవిల్‌కు కావలసిందీ అదే. అలాంటివాడు కాస్తా ఓ పిల్ల వెంటపడి లండన్ పోయాడు. కీత్ ఊరంతా వెతికి మార్లీన్‌ను తెచ్చాడు. బడి వంటశాలలో దుంపలు ఉడకబెట్టే మనిషి, ఆదివారాలు చర్చిలో పాడుతుంది. గొంతంటారా, పొయ్యి మీంచి అప్పుడే దించిన పులుసు.

చిక్కల్లా ఒక్కటే. పాటలో ప్రతి పాదం చివరా ఆవిడ తీరిగ్గా ఊపిరి తీసుకునేది. చర్చిలో ఆర్గన్ వాయించే ముసలమ్మ ఆవిడ కోసం ఆగుతుంది. మిషను ఎందుకాగుతుంది? టకటకమంటూ తన దారిన తాను పోయేది.

"అది ఆగదు. నువ్వే అందుకోవాలి," అన్నాడు నెవిల్.

"బస్సు డ్రైవరు కూడా ముసలాళ్లని చూస్తే ఆగుతాడయ్యా. నీ పెట్టెకి ఆ మాత్రం తెలీదా?" అంది మార్లీన్.

కీత్ మాత్రం మెల్లగా ఆవిడ వైపు జారిపోయాడు. సూదుల్లా గుచ్చే స్వరాలు మానేసి, కంబళి కప్పినట్టు సాగదీసి వాయించసాగాడు. ఒక్కో పాటా మిషను అక్కర్లేకుండానే నెమ్మదిగా సాగడం మొదలై, నెవిల్ చేజారిపోయింది. చివరికి మిషనుతో వాయించడానికి అతను స్వయంగా కట్టిన ఒక్క పాటే మిగిలింది. దాన్ని కూడా నెమ్మది చేద్దామని వాళ్లిద్దరూ అనేసరికి, ఆ ప్లాస్టరు ఊడిన రోజున మిషను చంకన పెట్టుకుని ఇంటికి పోతానని తెగేసి చెప్పాడు.

శనివారం సాయంత్రం కార్మికుల క్లబ్బులో కచేరీ. అక్కడ కార్యక్రమాలు చూసే పెద్దాయన విల్ఫ్. ఆయనకు సొంత మైకుంది. ఎవరేం పాడుతున్నా సరే, తిండి పొయ్యి దిగగానే ఆ సంగతి అందులో చెప్పేస్తాడు. సరిగ్గా నెవిల్ పాట మధ్యలోనే చెప్పాడు.

"పిండిలో మాంసం కూరి కాల్చిన వేడి వేడి పైలు వచ్చాయి. వరసలో రండి, తోసుకోవద్దు."

కుర్చీలు కిర్రుమన్నాయి, జనమంతా లేచారు. క్లైవ్ అయితే వాళ్ల వీపులకే పాట వినిపించేవాడు. మార్లీన్ ఆపేసింది.

"వెళ్లి తెచ్చుకోండి, నేనెక్కడికీ పోను," అంది మైకులో.

మిషను మాత్రం ఒంటరిగా టకటకలాడుతూనే ఉంది.

"ఆ పెట్టెకీ ఒకటి పెట్టండర్రా, ఆకలేస్తున్నట్టుంది," అన్నాడు వరసలో ఓ ముసలాయన. హాలంతా నవ్వింది.

నెవిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆపేస్తే ఓడినట్టు, ఆపకపోతే నవ్వులపాలు. పళ్లు కొరుకుతూ ప్లాస్టరు పీకేశాడు. నాబును వెనక్కి తిప్పాడు. టక... టక... ముసలాళ్లు నడిచినంత మెల్లగా. జనం పళ్లేలతో వచ్చి కూర్చున్నారు. మార్లీన్ అతనివైపు చూసి ఊపిరి పీల్చింది. ఆ ఊపిరితోపాటే అతని వేళ్లు నాబును ముందుకు తిప్పాయి. ఇక పాట అయ్యేదాకా చెయ్యి తియ్యలేకపోయాడు. ఆవిడ ఆగినచోటల్లా తగ్గించాలి, అందుకున్నచోటల్లా పెంచాలి. హాల్లో ఫోర్కుల చప్పుడు కూడా ఆగిపోయింది.

అయ్యాక విల్ఫ్ వచ్చి భుజం తట్టాడు. "కిందటిసారి మీ పాట గాలికి గేటు కొట్టుకున్నట్టుంది నాయనా. ఇవాళ డ్రమ్ములబ్బాయి ఎంత బాగా వాయించాడు. ఏడీ, కనబడడేం?"

నెవిల్ రెండేళ్ల కష్టానికి మెప్పు వచ్చింది కానీ, అదీ లేని డ్రమ్ములబ్బాయికి.

మార్లీన్ అతనికో మాంసం పై తెచ్చిపెట్టింది. "అయితే, పెట్టె ఇంటికేనా?"

అతను ప్లాస్టరును మళ్లీ నాబు మీద నొక్కి చూశాడు. అంటుకోలేదు.

"రెండో చరణంలో మరీ అంతసేపు ఆగుతారా ఎవరైనా? నా చెయ్యి తిమ్మిరెక్కింది."

"వచ్చేసారి రెండో చెయ్యి పెట్టు."

నెవిల్ విసురుగా ఆ పైని కొరికాడు. అది ఎప్పుడో చల్లారిపోయింది.