బొట్టు దక్కని కలాలు

దసరా ఉదయం దేవిదాస్ తలస్నానం చేసి, టేకుపెట్టెలోని తన ఐదు కలాలనూ తెచ్చి నాగలి పక్కన వరుసగా పేర్చాడు. కడిగిన నాగలి, కొడవళ్లు, కవ్వం, భార్య గంగమణి కుట్టుమిషను అప్పటికే పసుపుతో, పూలతో కళకళలాడుతున్నాయి. తల్లి సాయవ్వ కుంకుమగిన్నెతో ఒక్కొక్క పనిముట్టుకూ బొట్టు పెడుతూ వచ్చి కలాల దగ్గర ఆగింది.

"గివేంది?"

"కలాలే అవ్వా. ఇవి గూడ పనిముట్లే గద."

"ఏం పని చేసినయి?"

దేవిదాస్ వంకరగా ఉన్న ఒక కలాన్ని వరుసలోకి జరిపాడు.

"నాగలికి బురదంటింది, కడిగిన. కొడవలి మొద్దుబారింది, నూరిపిచ్చిన. వీటికేమంటింది, బిడ్డా? పని చెయ్యనిదానికి బొట్టు పెడితె, చేసినదానికి చిన్నతనం."

గంగమణి నవ్వు దాచుకోలేదు. "అత్తా, వాటిని ఏండ్ల సంది మోసింది గా పెట్టె. పాపం, దానికన్న పెట్టరాదు."

సాయవ్వ నిజంగానే పెట్టెకు బొట్టు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. దేవిదాస్ కలాలను ఏరుకుని మళ్లీ ఆ బొట్టు పెట్టిన పెట్టెలోనే సర్దుకున్నాడు. నీలిదాన్ని మాత్రం అలవాటు కొద్దీ జేబుకు తగిలించుకున్నాడు.

అవి అల్లాటప్పా కలాలు కావు. వరి బాగా పండిన ఏడల్లా హైదరాబాదు వెళ్లి, అద్దాల బీరువాల ముందు గంటలకొద్దీ నిలబడి ఎంచుకున్న, ఓడల మీద వచ్చే సీమ సరుకు. అన్నింటికీ బంగారు పాళీలే. నీలిదాని ఒంటి మీద పాలపిట్ట రెక్కల్లాంటి మెరుపు ఉంది. ఇప్పుడు ప్రపంచ యుద్ధం వచ్చి ఓడలు ఆగాయి. పాళీ వంగితే మరో పాళీ దొరకదు. అయినా అతను రాయకపోవడానికి అసలు కారణం అది కాదు. ఇంత గొప్ప కలం రాసే తొలి వాక్యం దానికి తగినదై ఉండాలని అతని పట్టుదల. ఆ వాక్యం కోసం వేదాంత గ్రంథాలు చదివాడు, పొలం గట్ల మీద ఒంటరిగా తిరిగాడు. వాక్యం రాలేదు. కలాలు మాత్రం ఒకటొకటిగా వచ్చాయి.

తల్లి మాట ఆ రోజంతా పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. తాను దాచింది కలాలనా, రాయలేనేమోనన్న భయాన్నా? పెట్టె మాత్రం ఒకటే.

పొద్దు వాలే వేళకు ఊరంతా కాలువ అవతలి జమ్మిచెట్టు దగ్గరికి చేరింది. ఇంటిల్లిపాది పేర్లూ చీటీ మీద రాయించి కొమ్మకు కట్టడం ఆనవాయితీ. ఏటా ఆ చీటీలు రాసేది సాంబమూర్తి. కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొనుక్కున్నవాడు, ముత్యాల్లాంటి దస్తూరీ. ఈసారి ఆయన కుడిచేతి బొటనవేలికి ఇంత కట్టు ఉంది.

"గడ్డి కోస్తూ కోసుకున్నానండీ. సిరాబుడ్డీ కాగితాలూ తెచ్చాను గానీ, రాసే చెయ్యే లేదు," అన్నాడు.

అందరి చూపులూ దేవిదాస్ జేబు మీదికి మళ్లాయి. పక్కింటి ముత్తెన్న ముందుకు వచ్చాడు.

"పండుగనాడు చూస్తె మంచిదని పొద్దటి సంది పాలపిట్ట కోసం చెట్టుచెట్టు చూసిన, కనవడలే. అది నీ జేబులనే ఉన్నది గదన్నా. ఎగిరిపియ్యరాదు?"

నవ్వులు రేగాయి. కొంచెం ఎడంగా నిలబడ్డ సాయవ్వ నవ్వలేదు, కొడుకునే చూస్తోంది. దేవిదాస్ కలాన్ని అరచేత్తో కప్పుకున్నాడు. పాళీ వంగితే? అంతకన్నా, అందరి ముందూ అక్షరం తప్పితే?

"ఇందులో సిరా లేదు," అన్నాడు మెల్లగా.

"దానికేం! పాళీని బుడ్డిలో ముంచి, కలం పక్కన ఉన్న ఆ చిన్న మీట ఎత్తి వదలండి. అదే తాగుతుంది," అన్నాడు సాంబమూర్తి.

అతను అలాగే చేస్తే కలం గుటక వేసినట్టు చిన్న చప్పుడు చేసింది. దేవిదాస్ మోకాలి మీద సాంబమూర్తి ఇచ్చిన పలక ఆనించుకుని కాగితం పరిచాడు. ఇన్నేళ్లు ఎదురుచూసిన తొలి వాక్యం ఇప్పుడైనా రావాలి.

"ముందుగాల మా సుక్కి పేరు రాయి," అన్నాడు ముత్తెన్న.

"సుక్కి ఎవరు? మీ ఇంట్ల గా పేరు నేను ఇనలే."

"మా బర్రె. మొన్న ఈనలేక సచ్చి బతికింది. ఇంట్ల అందరికన్న దానికే ఎక్కువ కావాలె, దేవుని దయ."

దేవిదాస్‌కు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే కలం కాగితానికి ఆనించాడు. పాళీ మొదట గీరుకుంది, తరువాత జారింది. బంగారు పాళీ తొలిసారి రాసిన మాట ఒక బర్రె పేరు. నీలిసిరాలో అది ఎంత నిండుగా కనిపించిందంటే, దానికన్నా తగిన మాట తనకు ఇన్నేళ్లలో తట్టలేదని అతను ఒప్పుకోవలసి వచ్చింది.

ఆ తరువాత ఆలోచించే తీరిక లేకపోయింది. పేరు వెనక పేరు. పుట్టబోయే బిడ్డకు ఒకరు ఖాళీ చోటు వదిలిపెట్టించుకున్నారు. అలిగి పుట్టింటికి పోయిన భార్య పేరు ముందు వద్దని, తరువాత రాయించుకున్నాడు ఇంకొకడు. దేవిదాస్ వేళ్లు నీలమయ్యాయి, పంచె మీద మరకలు పడ్డాయి. చివరికి సాయవ్వ వచ్చి కూర్చుంది.

"నా పేరేది?"

రాసి చూపించాడు. ఆమెకు చదువు రాదు. ఆరని అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది.

"గింతేనా? ఇన్నేండ్లు మోసిన, ఇంకింత పొడుగుంటదనుకున్న."

"గింతేనే అవ్వా."

ఆమె కొడుకు సిరా చేతిని తిప్పి తిప్పి చూసింది. కొంగుముడిలోంచి కుంకుమ పొట్లం తీసి కలం మూత మీద బొట్టు పెట్టింది. దసరాకు బంగారమని పంచుకునే జమ్మి ఆకు కొడుకు చేతిలో పెట్టి, "బంగారమసొంటి పని చేసింది," అన్నది. అన్నది కలాన్నే. ఆ మెప్పులో దేవిదాస్ కూడా కొంచెం తీసుకున్నాడు.

మరునాడు పొద్దున్నే అతను పెట్టె తెరిచి ఎర్ర కలం తీశాడు. సాంబమూర్తి దగ్గర అడిగి తెచ్చుకున్న సిరాబుడ్డీ పక్కనే ఉంది. కుట్టుమిషను దగ్గర ఉన్న గంగమణిని పిలిచాడు.

"దీంతోని ఏం రాయమంటవు?"

ఆమె దారం పంటితో తెంపి, ఒక్క క్షణం ఆలోచించింది.

"కోటగిరిల మా అక్కకు రాయుండ్రి. మామిడికాయ తొక్కు ఒడిసింది, జల్ది పంపుమని."

దేవిదాస్ మూత విప్పాడు.