వద్దన్న ప్రార్థన

సువార్త గోరువెచ్చని నీళ్లలో తువాలు పిండి లెరాయ్ పాదాలు తుడిచింది. వేళ్ల సందులు ఆరేదాకా అద్దింది. ఒంగోలు నుంచి వచ్చినప్పటి నుంచీ అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ వృద్ధుల హోమ్‌లో ఆమె పని ఇదే: ఒళ్లు తుడవడం, తినిపించడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం.

లెరాయ్ అమెరికా ఆదివాసుల్లో ఒజిబ్వే తెగ మనిషి. "ఇద్దరం ఇండియన్లమే. కొలంబస్ వెతికింది నిన్ను, దొరికింది నేను," అని నవ్వించేవాడు. చిన్నతనంలో ఆయనను చర్చి బడిలో వేశారు. సొంత భాష మాట్లాడితే నోట్లో సబ్బు కుక్కారు. పరలోక ప్రార్థన అక్కడే నేర్పారు.

"నేను పోయేటప్పుడు ఆ ప్రార్థన నా మీద చదవొద్దు. మాటివ్వు," అన్నాడు ఒకరోజు.

"మా ముత్తవ్వకి అక్షరాలు దిద్దించింది ఆ ప్రార్థన తెచ్చిన దొరలే, లెరాయ్. అంతకుముందు మావాళ్లను బడి గుమ్మం ఎక్కనివ్వలా."

"అయితే నీ కోసం చదువుకో."

మాటిచ్చింది.

పాదాలు తుడిచిన రోజు మధ్యాహ్నం ఆయన ఊపిరి మారింది. నర్సు రేణు ఫోన్ చేతిలో పట్టుకునే వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల.

"ఆంటీ, పాస్టర్ స్నోలో స్టక్ అయ్యారు. మీరు ప్రేయర్ చేసేయండి."

"వద్దన్నాడమ్మా."

"ఇప్పుడు ఆయనకి తెలీదు కదా?"

"నాకు తెలుసు గదమ్మా."

రేణు పక్క గదికి వెళ్లింది. సువార్త కుర్చీ లాక్కుని ఆయన చెయ్యి పట్టుకుంది. చావు దగ్గర చెప్పడానికి ఆమెకు ఆ ప్రార్థన తప్ప ఇంకో మాట రాదు. వాళ్లమ్మ నేర్పింది అదొక్కటే.

లెరాయ్ పెదవులు కదిలాయి. సొంత భాషేమో అనుకుని వంగింది. కాదు, ఆ ప్రార్థనే. ఇంగ్లీషులో, మాస్టారికి అప్పజెబుతున్నట్టు. నేటి రొట్టె ఇమ్మని దేవుణ్ని అడిగేచోట ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగాడు. కళ్లు తెరిచి ఆమె నోటి వంక చూశాడు.

తర్వాత వచ్చేది క్షమించమనే వాక్యం. అది ఆమె నాలుక మీదే ఉంది. అందించమంటున్నాడా, ఆపమంటున్నాడా?

"చెప్పమంటావా, లెరాయ్?"

ఆ వాక్యం బయటికి రాకుండా ఆమె పళ్లు బిగించింది. ఆయన పెదవులు ఇంకోసారి కదిలాయి, శబ్దం రాలేదు. వదిలిన ఊపిరి మళ్లీ పీల్చలేదు.

కాసేపటికి ఆమె ఆయన కళ్లు మూసి, దుప్పటి సర్ది, చెవిలోంచి వినికిడి యంత్రం తీసింది. దాన్ని ఆపలేదు; మూసిన గుప్పిట్లో అది సన్నగా కూస్తూనే ఉంది.