తిట్టడానికొచ్చే మనిషి

సూర్యనారాయణ మళ్లీ వచ్చాడు. గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టాడు.

"ఏదీ ఆ పిల్ల? నన్ను పశువుని కట్టినట్టు కట్టించిన మారాణి ఏదీ?"

లోపల గదిలో అల్మాస్ పళ్లు బిగబట్టింది. అనకాపల్లిలో మందు మాన్పించే ఈ కేంద్రంలో ఆమె కౌన్సెలర్. ఇష్టపడి చేరలేదు, సైకాలజీ చదివినదానికి మరో ఉద్యోగం దొరక్క చేరింది. తాగుబోతుల మధ్య ఆడపిల్లకేం పనని అమ్మ అమీనాబీ రోజూ సాధిస్తూనే ఉంది. బాగుపడినవాళ్లు మళ్లీ ఇటు రారు. మళ్లీ తాగినవాళ్లే వస్తారు, అదీ ఆమెను తిట్టడానికి. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక కాలేజీ రమ్మంది. పిల్లలకు పరీక్షల భయం పోగొట్టే పని. సరేనని చెప్పడమే తరువాయి.

సూర్యనారాయణ బెల్లం మార్కెట్లో మూటలు మోసే కళాసీల మేస్త్రీ. అతను తాగి తాగి నెత్తురు కక్కుకున్నప్పుడు భార్య నూకరత్నం వచ్చి ఏడిస్తే, "ఎలాగైనా తీసుకురండి" అంది అల్మాస్. నూకరత్నం తమ్ముడు ఆ మాట పట్టుకుని, కళాసీలందరూ చూస్తుండగా, బావను తాళ్లతో కట్టి ఆటోలో పడేసి తెచ్చాడు. వార్డులో ఉన్నన్నాళ్లూ సూర్యనారాయణ ఆమెతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంటికి పంపాక ఈ గొడవ మొదలైంది. మొదట తూలుతూ వస్తే, తాగినవాళ్లను రానిచ్చేది లేదని వాచ్‌మన్ గేటు మూసేశాడు. మర్నాటి నుంచీ పొద్దున్నే వచ్చి తిడుతున్నాడు.

తలుపు తోసుకుని వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోడు, నిలబడే తిడతాడు.

"నన్ను సూసి నవ్వుతన్నారు. తాడు తెమ్మంటావా మేస్త్రీ అంటన్నారు. మీ బాబునైతే ఇలాగే కట్టిత్తువా?"

"కట్టి తెమ్మని నేననలేదు."

"అననేదంట! నీ మాట కాదూ?"

ఆ రోజు ఆమెకూ ఓపిక నశించింది. "ఇక మీకా శ్రమ లేదు సూర్యనారాయణగారూ. ఉద్యోగం మానేసి విశాఖపట్నం పోతున్నాను. సంతోషమేనా?"

అతను కుర్చీని కాలితో తన్నాడు.

"నా పరువు తీసేసి పారిపోతావా? మరి పొద్దున్నే లేచి నేను ఎవుల మీద అరవాల?"

"అది నాకనవసరం. బయటికి నడవండి."

అతను వెళ్లిపోయాక ఆమె కుర్చీని ఎత్తి ధడాలున నిలబెట్టింది. గంట గడిచాక నూకరత్నం ఫోన్ చేసింది. ఆమె గొంతులోనూ నిప్పులే.

"ఏటన్నారు మేడం ఆయన్ని? గోడకేసి తల బాదుకుంటన్నాడు. ఇన్నాళ్లూ మీ మీద కక్షతో సుక్క ముట్టుకోకుండా గడ్డం గీసుకుని బయలెల్తన్నాడు. తాగితే గేటు తియ్యరని! రేపు ఇలాగనాలి, అలాగనాలి అని గొణుక్కుంటా, మీరిచ్చిన బిళ్ల ఏసుకుని పడుకుంటన్నాడు. కాళ్లు పట్టుకున్నా నాకోసం మాననోడు, మీ మీద పగతో మానేడు. నా కడుపు మండిపోతంది. అయినా అడుగుతన్నాను, ఎల్లకండి."

జవాబు కోసం చూడకుండా పెట్టేసింది.

అల్మాస్‌కు అప్పుడు తట్టింది. మొహంలో మొహం పెట్టి అరిచిన ఆ మనిషి నోట ఒక్కరోజూ మందు వాసన లేదు. తన తప్పు లేదని చెప్పుకోవడంలో పడి ఆ సంగతే గమనించలేదు. మంచిమాటలతో మనుషుల్ని మార్చాలని చదువుకుంది. ఈ మనిషికి మాత్రం పట్టుకోవడానికి తనమీది ద్వేషమొక్కటే దొరికింది. తను వెళ్లిపోతే అదీ ఉండదు. ఆ ఆలోచన ఆమెకేమీ హాయిగా లేదు. కానీ రెండేళ్లలో మొదటిసారి, తను ఇక్కడ ఎందుకుందో తెలిసింది.

కాలేజీకి ఫోన్ చేసి రానని చెప్పింది. ఆ రాత్రి అమీనాబీ కంచం విసురుగా పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు సూర్యనారాయణ గుమ్మంలో ఆగాడు.

"పోనేదేటి?"

"పోలేదు. మీరు తిట్టడం అయిపోలేదుగా."

అతను ఆమెను కొరకొరా చూశాడు. కుర్చీని బరబరా లాగాడు. "కూకుంటాను. నీ మాట మాత్రం ఇనను."

ముందు ఆమెను తిట్టాడు. తర్వాత బావమరిదిని, నవ్విన కళాసీలను. తనను తాను తిట్టుకునే వంతు వచ్చేసరికి మాట మార్చాడు. బల్లమీద గుద్ది, మళ్లీ ఆమెనే తిట్టడం మొదలుపెట్టాడు. అల్మాస్ కుర్చీ ముందుకు జరుపుకుని వింటూ కూర్చుంది.