కొరికిన తువ్వాలు

ఇరవై ఏళ్ళు అద్దె కారు నడిపిన జాన్సన్ ఇప్పుడు తన కారులోనే పక్క సీటు మనిషైపోయాడు. పెద్దారవీడు అవతల వాళ్ళ పల్లె ఫ్లోరైడ్ బోరు నీళ్ళు ముందు ఎముకలకు పట్టాయి, మెడ తిరగకుండా నడుము వంగకుండా చేశాయి. తర్వాత కిడ్నీలు పోయాయి. రోజు విడిచి రోజు మార్కాపురం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించకపోతే మనిషి దక్కడు. ఆటోలో పోతే ఆ కుదుపులకు దారిలోనే పోయేట్టున్నాడు. కారు తోలిపెట్టడానికి మొదట్లో ఊళ్ళో అందరూ వచ్చారు. నెల తిరిగేసరికి ఒక్కొక్కరే ఫోన్ ఎత్తడం మానేశారు. వాళ్ళనీ ఏమనగలం, ఎవరి పనులు వాళ్ళకుంటాయి. కానీ ఎత్తి రాలేనని చెబితే వాళ్ళ సొమ్మేం పోయేది?

అందుకని మిరప కోతలకు పోయే అతని భార్య ఎలీషబా స్టీరింగ్ పట్టింది.

ఊరి బయట బీడు నేలలో కారు పెట్టి జాన్సన్ పాఠం మొదలుపెట్టాడు. "ఎడమకాలు గబుక్కున తియ్యబాక మే. కొంచెం కొంచెం వదులు. బండి ఒళ్ళు వణకతది చూడు, ఆడ కాలు ఆపు. అప్పుడు కుడికాలితో ఎక్సలేటర్ మెల్లగా తొక్కు."

ఆమె వదిలేసింది. కారు మేకపిల్లలా ఎగిరి ఆగిపోయింది.

"అబ్బా... సచ్చినా!" అని అరిచాడు జాన్సన్.

ఎలీషబాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మళ్ళీ స్టార్ట్ చేసింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ అరిచాడు. గేరు మార్చినప్పుడల్లా, బ్రేకు తొక్కినప్పుడల్లా అతని నోటి నుంచి మూలుగు వచ్చేది. కాలు ఎక్కడ తప్పిందో ఆమెకు ఆ మూలుగే చెప్పేది. ఎల్ బోర్డు అంటించుకుని రోడ్డెక్కింది. పక్కన లైసెన్సున్న మనిషి ఉన్నాడు, నిటారుగా కూర్చోలేకపోయినా ఉన్నాడు కదా.

కొన్నాళ్ళకు మూలుగులు తగ్గాయి. ఇంకొన్నాళ్ళకు స్పీడ్ బ్రేకర్ల మీద కూడా జాన్సన్ నోరు మెదపలేదు. ఎలీషబా సంబరం చెప్పనలవి కాదు. మిరప చేలో పక్క సాలు వెంకాయమ్మతో గొప్పలు పోయింది. "మా ఆయన అరిసేది మానేసినాడు వదినా. బండి నా మాట ఇంటాంది ఇప్పుడు."

ఒకరోజు డయాలసిస్ మంచం దగ్గర నర్సు రాధిక జాన్సన్ భుజం మీది తువ్వాలు తీసి చూపించింది. "అక్కా, అన్న దీన్నెందుకు ఇట్ల కొరుకుతున్నాడు?"

తువ్వాలు కొస చీలికలై ఉంది. అక్కడక్కడా నెత్తురు మరకలు.

ఎలీషబా ఆ చీలికలు వేళ్ళతో తడిమింది. ఇన్నాళ్ళూ తను మురిసిపోయింది దీన్ని చూసా?

"ఏందయ్యా ఇది?"

జాన్సన్ గోడవైపు చూపు తిప్పుకున్నాడు. "నేను అరిస్తే నీ కాళ్ళు వణుకుతున్నాయి. నువ్వు బెదిరిపోయి బండి దిగిపోతే నన్ను ఎవురు తీసకపోతారు? నాకు బతకాలనుంది మే."

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇంగోసారి నోట్లో గుడ్డ పెట్టుకుంటివా, బండి రోడ్డు మీదే వదిలేసి పోతా. గట్టిగా అరువు! నువ్వు అరిస్తేనే గదా నా కాలికి తెలిసేది."

ఆ రోజు నుంచి అతను మొహమాటం లేకుండా అరిచాడు, తిట్టాడు కూడా. "ఆగేటప్పుడు ఆఖర్న బ్రేకు రవ్వంత వదలమంటి గదా! తల ముందుకు పోయింది చూడు!" ఎలీషబా తిట్లు తింటూ నేర్చుకుంది. గుంట కనబడగానే గేరు తగ్గించేది. బర్రెలు అడ్డమొస్తే దూరం నుంచే వేగం తగ్గించుకునేది. ఈసారి మూలుగులు నిజంగానే తగ్గుతూ వచ్చాయి. బండి బాగా నడుస్తున్న కొద్దీ మనిషి మాత్రం తేలికైపోతున్నాడు. సీటులోకి ఎత్తేటప్పుడు ఆమె చేతులకు ఆ తేడా తెలుస్తూనే ఉంది.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం డయాలసిస్ ముగించుకుని ఇంటికి బయలుదేరారు. రైలు గేటు పడింది. ఎత్తు మీద, లారీ వెనక, కారు ఆగినట్టే తెలియకుండా ఆపింది ఎలీషబా. అప్పుడు గుర్తొచ్చింది, ఆసుపత్రి దగ్గర్నుంచి ఇంతదాకా జాన్సన్ ఒక్కసారి కూడా మూలగలేదని.

అనుమానంగా అతని భుజం మీది తువ్వాలు లాగి కొసలు తడిమింది. పొడిగా ఉన్నాయి.

"నేర్చుకున్నానయ్యా!" అంది మురిపెంగా. "చూసినావా, ఒక్కపాలన్నా అరిసినావా నువ్వు?"

అతను పలకలేదు. కదిపితే చెయ్యి ఒళ్ళోంచి జారి గేరు కడ్డీ పక్కన పడింది. చల్లగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, తీసి మళ్ళీ పెట్టి చూసింది. ఊపిరి లేదు.

రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. ముందున్న లారీ కదిలింది, వెనక నుంచి హారన్లు మోగాయి. ఎలీషబా అతని చెయ్యి తీసి ఒళ్ళో పెట్టింది. క్లచ్ తొక్కి ఫస్ట్ గేరు వేసింది. కాలు కొంచెం కొంచెం వదిలింది. బండి ఒళ్ళు వణికిన చోట ఆపింది. కారు వెనక్కి జారకుండా, ఎగరకుండా ఆ ఎత్తెక్కింది.

పల్లె చేరేదాకా అది ఒక్కచోట కూడా కుదపలేదు. దారి పొడుగునా అరిచింది ఎలీషబాయే.